కలవని పువ్వులు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు: చాప మీద నాన్న, గోడకి ఆనుకుని బాబాయి, మగ్గం గది గడపలో అక్క, ఆమె వెనక చెల్లెలు, నేసిన గుడ్డ తీసుకెళ్ళడానికి వచ్చిన మేస్త్రి. చెల్లెల్ని అందరూ పిల్లి అంటారు. ఇంట్లో తిరుగుతున్నా అలికిడి ఉండదని బాబాయి పెట్టిన పేరు.

మేస్త్రి ఒక పాత భవంతిని బాగుచేయిస్తున్నాడు. ఒకప్పుడు అందులో పెద్ద గది గోడలకి పట్టుగుడ్డ పరిచి బిగించారట. నిలువుటద్దం వెనక జానెడు ముక్క మిగిలితే, అచ్చం అలాగే నేసిపెట్టమని అక్కకి ఇచ్చాడు. ఆ కాలం మగ్గాలు ఇరుకు, కాబట్టి గుడ్డా ఇరుకే. పట్టీ పక్కన పట్టీ బిగించాలి. ఒకదాని అంచున సగం పువ్వు, పక్కదాని అంచున మిగతా సగం. రెండూ కలిస్తేనే పువ్వు.

మొదటి పట్టీ అక్క ఒక్కతే నేసింది. రెండోది సగంలో ఉండగా దగ్గు ముదిరింది. ఇది పూర్తయ్యాక ఇక మగ్గం జోలికి పోకూడదని డాక్టరు తెగేసి చెప్పాడు.

"అయితే ఇదొక్కటీ చివరిదాకా నా చేతిదే కావాలి. ఎవరూ ముట్టుకోకండి," అంది అక్క.

మధ్యాహ్నాలు నాన్న, బాబాయి పెరట్లో పట్టుదారాలకి రంగులద్దుతుండేవారు. అక్క మందు మత్తులో పడుకునేది. అప్పుడు పిల్లి మగ్గం ముందు కూర్చునేది. పని ఆలస్యమైతే గుడ్డ ఇంకొకరికి పోతుందని దాని భయం. లేచాక అక్కకి తను ఎంత నేసిందో సరిగ్గా గుర్తుండేది కాదు. "ఇవాళ చెయ్యి బాగా ఆడిందే!" అని మురిసిపోయేది.

పిల్లి పోగులన్నీ అక్క లెక్క ప్రకారమే వేసింది. రంగూ తప్పలేదు. కానీ ఎక్కడ వదులైపోతుందోనన్న బెదురుతో ప్రతి పోగునీ గట్టిగా కొట్టింది. అలా కొట్టిన చోటల్లా నేత దట్టమై, పువ్వు పొట్టిదైపోయింది. గుడ్డ ఎప్పటికప్పుడు మగ్గం కర్రకి చుట్టుకుపోవడంతో తేడా ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు రెండు పట్టీలూ నేల మీద పక్కపక్కన పరిచారు.

"ఇదేంటమ్మాయ్! పై పువ్వులు చక్కగా కాపురం చేస్తుంటే, కిందివి అలిగి విడిపోయాయి?" అన్నాడు మేస్త్రి.

బాబాయి నవ్వబోయి ఆగిపోయాడు.

"కాస్త లాగి బిగిస్తే సరిపోదా మేస్త్రిగారూ?" అన్నాడు నాన్న.

"పట్టు కదా పెద్దాయనా, చిరిగి ఊరుకుంటుంది."

అక్క వంగి రెండో పట్టీ మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి నిమిరింది. సగం దగ్గర చెయ్యి ఆగింది. తల తిప్పి పిల్లి వైపు చూసింది. పిల్లి తల దించుకుంది.

"నా చెయ్యే తప్పింది మేస్త్రిగారూ," అంది అక్క.

"పోనీలే తల్లీ. ఒంట్లో బాగాలేని మనిషివి, నిన్నేమంటాను? వేరేవాళ్ళ చేత నేయించుకుంటాలే."

పాత ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్లి వీధి గుమ్మంలోకి వచ్చేసరికి అతను మలుపు తిరిగాడు. అక్క లేచి మగ్గం గదిలోకి నడిచింది. పిల్లి ఆ గది గడప దాకా పరిగెత్తింది.

"అక్కా, నేనే... నేను వెళ్ళి చెప్పేస్తా. నీ తప్పు కాదని."

"ఎన్నాళ్ళు కూర్చున్నావే?"

"నువ్వు పడుకున్నప్పుడల్లా."

అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది.

"చెయ్యి బాగా ఆడుతోందని ఎంత ఎగిరానే! ఆ డాక్టరుకేం తెలుసు, నేను కోలుకుంటున్నానని నాన్నతో కూడా అన్నాను. అయితే ఆ రోజులన్నీ నీవన్నమాట."

"త్వరగా అయిపోతుందని అక్కా..."

"తెలుసే. నువ్వు వెళ్ళు."

"ఒక్కసారి నా మాట..."

అక్క కోప్పడలేదు. పిల్లి వేళ్ళు తలుపు సందులో పడకుండా చేత్తో పక్కకి జరిపి, మెల్లగా తలుపు వేసేసుకుంది.