దిద్దేది ఎవరు

మా ఆయన చొక్కా కాలరుకి సబ్బు రుద్దుతుంటే పుస్తకాల కంపెనీలో లెక్కలు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్లు అచ్చుకిచ్చే పుస్తకాల్లో తప్పులు దిద్దేది నేను, ఏళ్ల తరబడి, ఇంట్లో కూర్చునే. ఒప్పందమూ, బిల్లులూ, డబ్బు పడే ఖాతా మాత్రం ఆయన పేరు మీద.

"ఇకనుంచి పని చేసేవాళ్లకే చెల్లిస్తామండీ. పన్ను మేమే పట్టుకుని మిగతాది వెయ్యాలా, మొత్తం తీసుకుని మీరే కట్టుకుంటారా, మేం పంపిన ఫారంలో టిక్కు పెట్టండి. ఇకమీదట పెద్ద పుస్తకాలు కూడా ఫారంలో ఉన్న పేరు చూసే ఇస్తారు. ఇంతకీ దిద్దేది ఎవరు?"

కనుక్కుని చెబుతానన్నాను. ఏమన్నానో ఫోన్ పెట్టేశాక తెలిసింది. నవ్వు కూడా రాలేదు.

భోజనాల దగ్గర చెబితే ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "నా పేరే ఉండనీ. నీ పేరైతే పన్నాఫీసు వాళ్లు గుమ్మంలో కూర్చుంటారు. వాళ్లకి కాఫీలు కలిపి పోస్తావా?"

"ఫ్యాను కింద కూర్చుని చదువుకునేదానికి పన్నొకటా తల్లీ," అంది అత్తయ్య. ఆవిడే కిందటిసారి చుట్టాలొస్తే, "మావాడు ఉద్యోగం చేసొచ్చి మళ్లీ పుస్తకాలు దిద్దుతాడు, నిద్రుండదు పాపం," అని చెప్పుకుంది. వాళ్లకి మంచినీళ్లు అందించింది నేనే. అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ రాలేదు. తిమ్మిరెక్కిన కాలుని గిల్లి చూసుకున్నట్టు నన్ను నేను గిల్లి చూసుకున్నాను. ఎవరినో గిల్లినట్టే ఉంది.

మర్నాడు గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ఫారం ముందేసుకున్నాను. పన్ను నేనే కట్టుకుంటానన్న చోట టిక్కు పెట్టాను. నా పేరు రాశాను. కింద సంతకం చేసి చూసుకుంటే, అది ఆయనది. చివర్న కిందికి లాగే గీతతో సహా. ఆయనకి తీరిక లేదని ఇన్నేళ్లూ బిల్లుల మీద ఆయన సంతకం నేనే పెట్టేదాన్ని. నాదెలా ఉండేదోనని పాత పేపరు అంచున రాసి చూశాను. మొదటి అక్షరం దాటలేదు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "ఫారం పాడుచేశానమ్మా, ఇంకోటి పంపిస్తావా?"

"అయ్యో, పోనీ సార్ పేరే ఉంచెయ్యమంటారా, మీకెందుకు శ్రమ?"

"వద్దు. దిద్దేది నేనే. సంతకమే ఇంకా రావడం లేదు, సాయంత్రంలోగా నేర్చుకుని పెడతాను."