కారం తప్పిన నూనె

ఎవరినీ నమ్మని ఇత్తడి వాల్వును నేను. పాత చెంబులు, తలుపు గడియలు కలిపి కరిగించి జామ్‌నగర్‌లో నన్ను పోతపోశారు. నీళ్లంటే ఆపేక్ష చెంబుల నుంచి, మనుషులంటే అనుమానం గడియల నుంచి వచ్చి ఉంటాయి. ఓడెక్కి, దమ్మామ్‌లో ఒక వ్యాపారి కొట్టులో దుమ్ము తిని, చివరికి సౌదీ ఉత్తరాన ఒక ఆలివ్ తోటలో డ్రిప్పు పైపుకు బిగుసుకున్నాను.

తోట పెద్దది. నాకు అప్పగించింది ఒక్క వరసే. జోర్డాన్ నుంచి వచ్చిన ఇంజనీరు మునీర్ ఆ వరస మీద పరీక్ష పెట్టాడు. మిగతా చెట్లకు నిండా నీళ్లు, నా చెట్లకు సగమే. కోత దగ్గర పడగానే అదీ బందు. నీళ్లు ఎక్కువైతే కాయ ఉబ్బుతుంది, నూనె చప్పబడుతుంది. చెట్టును కొంచెం దాహంతో ఉంచితే నూనెకు చేదు, మింగాక గొంతులో కారం వస్తాయి. దగ్గు తెప్పించే నూనెనే మేలురకమంటారని విన్నాక మనుషుల మీద నా అభిప్రాయం మరింత గట్టిపడింది.

నన్ను తిప్పే చెయ్యి భూమన్నది. జగిత్యాల దగ్గర బోర్లు ఎండిపోయి ఇక్కడికి వచ్చిన రైతు. నా పిడి ఊడదీసి తన దగ్గరే ఉంచుకునేవాడు.

"గిన్ని నీళ్లు వెట్టుకొని చెట్టును ఎండవెట్టుడేంది భాయ్? పాపం తగుల్తది," అనేవాడు ఫోర్‌మన్ ఖాదర్ బాషాతో.

"పాపం సంగతి నీకెందుకప్పా. చెప్పినకాడికి తిప్పు," అనేవాడు రాయచోటి ఖాదర్.

కోత మొదలైంది. నా వరసలో ముందు కోసిన కాయలు వేరుగా ఆడించారు. మునీర్ నూనె చప్పరించి, మింగి, దగ్గు కోసం ఎదురుచూశాడు. రాలేదు.

"ఎవడో దొంగచాటుగా నీళ్లు పెడుతున్నాడు. వాణ్ణి పట్టుకో. లేదంటే పిడి ఎవడి దగ్గరుందో వాణ్ణే ఇంటికి పంపిస్తా," అన్నాడు ఖాదర్‌తో.

ఇంటికంటే ఎండిన బోర్ల దగ్గరికే. భూమన్న ఖాదర్ చెయ్యి పట్టుకున్నాడు. "కొండగట్టు అంజన్న మీద ఒట్టు భాయ్, నేను తిప్పలే."

ఖాదర్ నా మెడకు నల్లదారం కట్టాడు. తిప్పితే తెగాలి. తెగలేదు. అయినా చెట్ల కింద మన్ను తడిగానే తగిలింది. ఖాదర్ భూమన్నను అనుమానించాడు. భూమన్న ఖాదర్‌ను అనుమానించాడు. నేను ఇద్దర్నీ.

ఒక మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని అన్నం గిన్నెలు విప్పారు. గోంగూర పప్పు. ఖాదర్ రెండోసారి వడ్డించుకుంటూ అడిగాడు.

"ఈ దేశంలో ఇంత లేత ఆకు యాడ దొరుకుతాందప్పా నీకు?"

"మనదే భాయ్. గీ చెట్ల మొదళ్ల ఎనక, కంచె దిక్కు ఏసిన. గీ వరసల గడ్డి గూడ మొలువది, ఖాళీ జాగ మస్తుంది."

"నీళ్లు?"

"తానాల కాడియి బకెట్లల్ల మోస్త."

ఖాదర్ నమలడం ఆపాడు. "చెట్లకు నీళ్లు పోసినావు గదప్పా."

"చెట్లకెందుకు పోస్త? గోంగూరకు పోసిన," అన్నాడు భూమన్న, అమాయకంగా. చెప్తూ చెప్తూనే అతనికి అర్థమైంది. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ ఆకును అందరికంటే ఎక్కువ తిన్నది ఖాదరే.

అంతలో మునీర్ జీపు వచ్చింది. భూమన్న లేచి నిలబడ్డాడు. ఖాదర్ అతని భుజం నొక్కి కూర్చోబెట్టి, నా దగ్గరికి వచ్చి నెత్తిన ఒక్కటి తట్టాడు.

"దొంగ దొరికింది సార్. వాల్వు. మూసినా లోపల్నుంచి కారతా ఉంది."

మూశాక ఒక్క చుక్క వదిలి ఎరగను నేను. కానీ వాల్వు వాంగ్మూలం ఎవరు తీసుకుంటారు? మునీర్ నన్ను, పప్పు గిన్నెను, ఇద్దరి మొహాలను మార్చి మార్చి చూసి, "మార్చండి," అని వెళ్లిపోయాడు.

నన్ను విప్పింది భూమన్నే. "ఏమనుకోకు," అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి గోంగూర పీకేశారట. ఆలస్యంగా కోసిన కాయల నూనెకు కొంచెం కారం కూడా వచ్చిందట.

ఇప్పుడు షెడ్డు వెనక తుక్కు కుప్పలో ఉన్నాను. మొన్న మునీర్ ఒంటరిగా వచ్చాడు. కుప్పంతా వెతికి నన్ను తీశాడు, ఒక కొస నోటికి ఆనించి గట్టిగా ఊదాడు. గాలి దాటలేదు. మళ్లీ ఊదాడు. దాటలేదు.

నా నిర్దోషిత్వం తేలిపోయింది. ఇక భూమన్న పని అయిపోయిందనుకున్నాను.

మునీర్ అటూ ఇటూ చూసి, నన్ను కుప్ప అడుగున, ఎవరికీ కనపడని చోట పెట్టి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. భూమన్న ఇంకా తోటలోనే ఉన్నాడు.

ఎందుకలా చేశాడో నాకు అంతుపట్టదు. అందులోనూ ఏదో మతలబు ఉండే ఉంటుంది.