తలకు అయస్కాంతం

అయస్కాంతం గడియారానికి శత్రువు. మా గడియారాల కొట్లో నేను అడుగుపెట్టిన మొదటివారంలోనే మా ఆయన ఈ సంగతి చెప్పాడు. అయస్కాంతం సోకిన గడియారం ఆగదు, పైగా హుషారెక్కుతుంది. లోపలి సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని రోజుకి అరగంట ముందుకి పరిగెడుతుంది. తెచ్చినవాడు "భలే నడుస్తోందండీ" అని మురిసిపోతాడు. అందుకే మా పనిబల్ల మీద బొత్తాం అంత దిక్సూచి ఒకటి ఉంటుంది. అనుమానం ఉన్న గడియారాన్ని దాని పక్కన పెడితే, సోకినదైతే సూది వణుకుతుంది.

అలాంటి ఇంట్లో, మా ఆడపడుచు తలకి అయస్కాంతం పెడతానన్నాడు డాక్టరు.

ఆమె మా ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. సెకన్ల ముల్లులా క్షణం ఒకచోట నిలవదని ఆయన ఆమెని ముల్లు అని పిలిచేవాడు, మాకందరికీ అదే పేరైంది. ఆయన పోయాక కొట్టు నడిపింది ఆమే. రిపేరు చీటీలు ముందేసుకుని నాకు అక్షరాలు నేర్పిందీ ఆమే. అంతటి మనిషి ఎనిమిది నెలల కిందట బల్ల దగ్గరికి రావడం మానేసింది. స్నానం మానేసింది. గోడవైపు తిరిగి పడుకునేది. రెండుసార్లు మాత్రలు మార్చారు, రవ్వంత తేడా లేదు. ఒక మధ్యాహ్నం చూద్దును కదా, గడియారం భాగాలు కడిగే పెట్రోలు సీసా మూత తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాసన చూస్తున్నాను వదినా," అంది.

ఆ రోజునుంచి సీసా నా బీరువాలో, తాళంచెవి నా నడుముకి.

"మాత్రలకి లొంగని దిగులు కొందరిలో దీనికి లొంగుతుంది," అన్నాడు డాక్టరు. "అందరిలోనూ అని చెప్పను. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మత్తు ఇవ్వం, కోత లేదు."

చివరిదాకా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదని నాకు నేర్పిన మనిషి, ఆసుపత్రివాళ్ళ ఒప్పుకోలు కాగితం మీద చదవకుండానే పెట్టేసింది. నేను వేలుపెట్టి చదివాను. తలనొప్పి రావచ్చు. బహు అరుదుగా మూర్ఛ రావచ్చు.

"ఆ అయస్కాంతం లోపలే ఉండిపోతే ఏమిటన్నది ఇందులో రాయలేదేం?" అన్నాను.

"ఉండదమ్మా. మిషన్ ఆపితే అదీ ఆగిపోతుంది."

గడియారాలు తెచ్చేవాళ్ళూ అలాగే అంటారు. "ఎక్కడా తగల్లేదండీ" అని.

ఆ గదిలో వెనక్కి వాలే కుర్చీ ఒకటి. దాని పక్కన కీళ్ళున్న ఇనపచెయ్యి. దాని చివర, రెండు సాసర్లు పక్కపక్కన అతికించినట్టున్న బిళ్ళ. మొదటిరోజు తలమీద ఎక్కడ పెట్టాలో వెతికారు. టక్. టక్. ఒకచోట పెట్టగానే ముల్లు కుడి బొటనవేలు ఎగిరింది.

"దొరికింది," అంది మిషన్ నడిపే అమ్మాయి సంతోషంగా.

"నువ్వు కదిపావా?" అని ముల్లుని అడిగాను.

"లేదు వదినా."

"మరెవరు?"

"మిషనండి," అంది ఆ అమ్మాయి, అదేదో ఘనకార్యమైనట్టు.

వెంట్రుకంత స్క్రూని పట్టకారుతో ఎత్తే వేలది. దాన్ని ఎవరో మీట నొక్కి ఆడించారు. ఇవాళ వేలు, రేపు నాలుక అనుకున్నాను.

రోజూ వెంట వెళ్ళి మూలన స్టూలు మీద కూర్చునేదాన్ని. వడ్రంగిపిట్ట చెట్టుని పొడిచినట్టు నాలుగు సెకన్లు టకటకటక, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ టకటక. దాదాపు నలభై నిమిషాలు. నేను ఆ బిళ్ళ మీంచి చూపు తిప్పేదాన్ని కాదు.

"అమ్మా, బయట కూర్చోండి. పేపరుంది," అనేది ఆ అమ్మాయి.

"పేపరెక్కడికీ పోదులే."

రెండు వారాలు ఏమీ లేదు. మూడోవారంలో ముల్లు నాకంటే ముందు లేచింది. తలంటుకుంది. మర్నాడు కొట్టు తలుపులు తీసింది. ఆ మర్నాడు ఒక్కపూటలో మూడు గడియారాలు విప్పింది. నేను రాసిన చీటీలు తిరగేసి, "ఇదేం రాత వదినా, కోడి కెలికినట్టు! దీనికా నేను రెండేళ్ళు గొంతు చించుకున్నాను?" అని పకపకా నవ్వింది.

ఇంకొకరైతే దండం పెట్టుకునేవారు. నాకు మాత్రం భయమేసింది. పరిగెడుతోంది. సోకింది.

మర్నాడు మిషన్ అమ్మాయిని పక్కకి పిలిచాను. "ఎక్కిన అయస్కాంతం దించే మిషన్ మీ దగ్గరుందా తల్లీ? మా కొట్లో ఉంది. చిన్నదనుకో."

"ఆవిడ బాగుపడుతున్నారమ్మా!"

"అదే నేనూ చెప్పేది."

ఆ మధ్యాహ్నం ముల్లు భోంచేసి కునుకు తీస్తుంటే దిక్సూచి పట్టుకెళ్ళాను. ఊపిరి బిగబట్టి ఆమె చెవి వెనక ఉంచాను. సూది వణికింది. దగ్గరికి జరిపాను. గిర్రున తిరిగింది.

బయటికొచ్చి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఇక రామని చెప్పాను. ముల్లుతో మాత్రం మిషన్ పాడైందట, బాగయ్యాక పిలుస్తారట అన్నాను. "అయ్యో," అంది.

రెండోరోజు నవ్వు తగ్గింది. మూడోరోజు తొమ్మిదైనా లేవలేదు. దిగుతోంది, నిదానానికొస్తోంది అని నేను ఊరటపడ్డాను. ఆ మధ్యాహ్నం కొట్లో ఫోన్ మోగింది. నేను పెరట్లో ఉన్నాను. వచ్చేసరికి ముల్లే అందుకుని వింటోంది. పెట్టేసి నావైపు తిరిగింది.

"మిషన్ బాగానే ఉందట."

నేను తడిచేతులు కొంగుకి తుడుచుకున్నాను.

"వరస తెగకూడదు, రేపైనా రమ్మంటోంది ఆ అమ్మాయి. మానేశామని చెప్పింది నువ్వేనట."

"నీ మేలు కోరే చేశాను."

"నా మేలు ఎనిమిది నెలలకి నా కంటపడింది వదినా. దానికీ తాళమేసి నడుముకి కట్టుకుంటావా?"

"దిక్సూచి తిరిగింది," అన్నాను. "నీ తల దగ్గర. కళ్ళారా చూశాను."

చెయ్యి వెనక్కిపెట్టి, కొప్పులోంచి ఒకటి, రెండు, మూడు పిన్నులు లాగి బల్లమీద దిక్సూచి పక్కన పడేసింది. సూది చరాలున తిరిగింది.

"రోజూ కుర్చీ ఎక్కేముందు ఇవి తీసి పళ్ళెంలో వేస్తాను. దిగాక పెట్టుకుంటాను. అంతంతసేపు కాపలా కాశావే, ఇదొక్కటీ కనపళ్ళేదా?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"గోడ చూస్తూ పడున్నప్పుడు నేనే అని నమ్మావు. లేచి నాలుగడుగులేస్తే, నేను కాదని అనుమానం. ఆ రోజు పెట్రోలు వాసన చూడ్డానికి తీయలేదు. నీకూ తెలుసు. నిన్నటినుంచి మళ్ళీ ఆ గోడ దగ్గరికొస్తోంది వదినా. నువ్వేమో నిదానించానని మురిసిపోతున్నావు."

"రేపు పొద్దున్నే తీసుకెళ్తాను," అన్నాను.

"నువ్వు రావద్దు."

మర్నాడు ఒక్కతే వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి, వీధిమలుపు తిరిగేదాకా చూశాను. సూది పిన్నులకే తిరిగి ఉండొచ్చు. అంతమాత్రాన ఆ సాసర్ల బిళ్ళ మంచిదని నేను ఒప్పుకోను. మనిషి వేలిని మనిషికి చెప్పకుండా ఎగరేసే వస్తువుని ఎలా నమ్మడం? కానీ ఆ గోడని అంతకంటే నమ్మలేను.

పదిన్నరకి ఒక పెద్దాయన గోడగడియారం చంకన పెట్టుకుని వచ్చాడు.

"రిపేరు చేసేవాళ్ళు ఉన్నారాండీ?"

"ఉంది. ఆసుపత్రికెళ్ళింది. పదకొండున్నరకి వస్తుంది, కూర్చోండి."

"తప్పకుండా వస్తారా? చాలా దూరం నుంచొచ్చాను."

"వస్తుంది," అన్నాను.

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. మాట ఇచ్చింది నేను, రావలసింది ఆమె. పనేమీ లేకపోయినా బల్ల తుడవడం మొదలుపెట్టాను, వీధివైపు చూడకుండా.