నీలం మూత చూపించిన చీకటి

అక్క కొన్న సినిమా కెమెరా ఎవరో నాలుగేళ్లు వాడి వదిలేసినది. కొనమని వారం రోజులు జోరీగలా నస పెట్టింది చెల్లెలే. అందుకే ఆ ఉదయం ముందుగదిలో కర్టెన్లు మూసి కెమెరాను చీకటి మూలకు తిప్పి చూసేసరికి ఆమె గుండె జారిపోయింది. తెర మీద నలుపున్న చోటల్లా ఎర్రటి, పచ్చటి చుక్కలు పుట్ట రేగిన చీమల్లా కదులుతున్నాయి.

"ఇదేంటే? చీమల్ని కూడా కలిపి అమ్మాడా?" అంది అక్క.

"సెన్సర్ నాయిస్ అక్కా. వెలుతురు తక్కువైతే వస్తుంది."

"గడియారాల తాత కొట్లో ఉన్నదంతా చీకటేగా తల్లీ!"

అదీ అసలు చిక్కు. ఏళ్ల తరబడి గడియారాలు బాగుచేసిన తాత ఆ సాయంత్రం ఐదింటికి కొట్టు ఖాళీ చేసేస్తున్నాడు. చివరిసారి పని చేస్తుండగా ఆయన్ని వీడియో తీసిపెట్టమని ఆయన కూతురు అడిగింది. అక్కకు దొరికిన మొదటి పని అది. ఇవాళ దాటితే ఆ బల్లా ఉండదు, గోడకు ఆ గడియారాలూ ఉండవు.

చెల్లెలు కెమెరా పుస్తకం తిరగేసింది. మందు దొరికింది. కెమెరాను అరగంట వేడెక్కనిచ్చి, లెన్స్ ఊడదీసి, మూతి మూసి, బటన్ నొక్కాలి. చీకటంటే ఇదీ అని దానికి చూపించడమన్నమాట. ఆ చీకట్లో ఏ చుక్క ఎక్కడ మెరుస్తోందో అది గుర్తుపెట్టుకుని, తర్వాత తీసే ప్రతి బొమ్మలోంచీ అంత మేరకు తీసేస్తుంది.

మూతి మూసే బిళ్ల మాత్రం కెమెరాతో రాలేదు. చెల్లెలు వంటింట్లోకి పరిగెత్తి ఉప్పు డబ్బా మీది నీలం ప్లాస్టిక్ మూత పట్టుకొచ్చింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. కర్టెన్ కాస్త తీసి, కిటికీ వెలుతురులో పెట్టి బటన్ నొక్కింది. కర్టెన్ మూసి మళ్లీ చీకటి మూలకు తిప్పితే ఒక్క చీమ లేదు.

"నా ఉప్పు డబ్బా మూతేదే?" అని అమ్మ కేకేసింది.

"షూటింగుకి వెళ్తోందమ్మా!"

మధ్యాహ్నం కొట్లో తాత బల్ల ముందు కూర్చుని కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. అక్క తెరలోకి చూసి ముఖం చిట్లించింది.

"తాతగారూ, ముక్కు మీద ఏదో పసుప్పచ్చగా అంటుకుంది."

తాత తుడుచుకున్నాడు. పోలేదు. వెళ్లి సబ్బుతో కడుక్కొచ్చాడు. పోలేదు.

"ఇక మిగిలింది ముక్కేనమ్మా. అదీ తీసెయ్యమంటావా?"

ఆయన పక్కకు జరిగితే మచ్చ జరగలేదు. వెనక గోడ మీది గడియారానికి అంటుకుంది.

"అమ్మినవాడు మనల్ని నిలువునా ముంచాడే!" అంది అక్క.

చెల్లెలికి విషయం అర్థమైంది. ఊరుకుంటే ఆ నింద వాడి మీదే పోతుంది. మెల్లగా సంచిలోంచి నీలం మూత తీసి గుమ్మం వైపు ఎత్తి పట్టింది. దాని నడుమ పలచబడ్డ చోట వెలుగు నీలంగా కారుతోంది.

"వాడు కాదక్కా, నేనే. దీన్ని చీకటని చూపించాను. ఇప్పుడది ఆ చోట ఏమున్నా అందులోంచి నీలం తీసేస్తోంది, పసుపు మిగులుతోంది."

అక్క ఒక్క క్షణం కొట్టేట్టు చూసింది. అంతలోనే పొట్ట పట్టుకుని నవ్వింది. "పాపం ఆయనతో ముఖం కడిగించావు కదే!"

తాత సొరుగులోంచి ఒక రేకు మూత తీసిచ్చాడు. దాన్ని మూతికి అదిమిపెట్టి, పైన ఆయన నల్ల కోటు రెండు చుట్లు చుట్టి, మళ్లీ బటన్ నొక్కారు.

"జలుబు చేసిందా దీనికి?" అన్నాడు తాత.

ఈసారి మచ్చ లేదు, చీమలు లేవు. ఐదుకు ఇరవై నిమిషాలుండగా తాత చివరి గడియారంలో స్ప్రింగు బిగిస్తున్నాడు. ఆయన వేళ్ల గీతలు కూడా తెర మీద లెక్కపెట్టేట్టున్నాయి. పనాపి తెరలోకి తొంగిచూసి, "ఆ మూల ఇంకా చుక్కలున్నాయే!" అన్నాడు.

చెల్లెలు వెళ్లి ఆ మూలన వేలు పెట్టి రాసింది. వేలికి బూడిదరంగు దుమ్ము అంటింది.

"ఇది కెమెరాది కాదు తాతగారూ. మీదే."

తాత సిగ్గుపడి బ్రష్షు కోసం లేవబోయాడు.

"కదలకండి!" అని అక్కాచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.