ఊడిపోయినా తెలియని చెప్పు

నేను ఒక రబ్బరు చెప్పును. ఎడమకాలిదాన్ని. రేకుల షెడ్డులో ఒక యంత్రం నన్ను షీటులోంచి కోసి పడేసింది. నా కుడికాలి జోడు ఏ షీటులోంచి వచ్చిందో నాకు తెలియదు. అయినా మనుషులు మమ్మల్ని కలిపి కట్టేసి జత అన్నారు. చీరాలలో ఒక కొట్టు ముందు తాడుకు వేలాడుతుంటే సువార్త అనే అమ్మాయి కొనుక్కుంది. బట్టల షాపులో పనికి కుదిరాక అక్కడ బూట్లు వేసుకురమ్మన్నారట. మమ్మల్ని వాళ్లమ్మకు ఇచ్చేసింది.

వాళ్లమ్మ వజ్రమ్మ సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె నడిస్తే పరుగులాగే ఉండేది. పెద్దాసుపత్రికి కూడా అలాగే నడిచేది, నెలకోసారి మాత్రల కోసం. ఆమెకు హెచ్‌ఐవీ ఉంది. భర్త నుంచి వచ్చింది. ఆయన పోయినప్పుడు జ్వరమని కూతురికి చెప్పింది, తన సంగతి అసలే చెప్పలేదు. ఒకరోజు మాత్రల వరుసలో వాళ్ల వీధి మనిషి కనిపించింది. వజ్రమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ తిరిగిన కాలికింద నేనే ఉన్నాను. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఏడాది దాటాక ఆ కాలు మారింది. బొటనవేలు నన్ను పట్టుకోవడం మానేసింది. మోకాలు కర్రలా బిగుసుకునేది. ఒకనాడు బడికి పోయే దారిలో నేను ఊడిపోయాను. ఆమె ఆగలేదు. కోపంతో వదిలేసిందేమో అనుకున్నాను. పది అడుగులు, ఇరవై అడుగులు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా ఆమె పోతూనే ఉంది.

వెనకే వస్తున్న తోటి వంటమనిషి మంగతాయారు నన్ను చేత్తో పట్టుకుని పరుగెత్తింది. “ఏందక్కా, చెప్పు ఊడిపోయినా ఎరగకుండా పోతన్నావ్?”

వజ్రమ్మ తన పాదం వంక చూసింది. ఆ కాలు ఎవరిదో అన్నట్టు చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది.

ముఖం కడుక్కోవడానికి కళ్లు మూసుకుంటే చాలు, తూలి గోడ పట్టుకునేది. మూత్రం ఆగేది కాదు. ఎందుకిలా అవుతోందో అడగడానికి ఎవరి దగ్గరికి పోయినా మొదటి మాట చెప్పాలి. ఆ మాట చెప్పలేకే ఆమె ఎవరి దగ్గరికీ పోలేదు.

ఒక సోమవారం వజ్రమ్మ, మంగతాయారు కలిసి సాంబారు గుండిగ మోసుకొస్తున్నారు. వజ్రమ్మ కాళ్లు కత్తెరలా ఒకదాన్నొకటి అడ్డుకున్నాయి. నేను మధ్యలో చిక్కుకున్నాను. గుండిగ ఒరిగి, పొగలు కక్కుతూ సాంబారు నేలంతా పారింది. నాలుగడుగుల అవతల పిల్లలు పళ్లేలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరి మీదా పడలేదు. వజ్రమ్మ మాత్రం ఆ నాలుగడుగులనే చూస్తూ కూలబడిపోయింది.

సాయంత్రం సువార్త ఇంకా గడప దాటి లోపలికి రాకముందే వజ్రమ్మ తన జబ్బు సంగతంతా చెప్పేసింది. సువార్త ఆ గడప మీదే కూర్చుంది.

“మందులు ఎప్పుడు మానేశావమ్మా?”

“నువ్వు పనికి కుదిరిన యేడు.”

“నా మీద నమ్మకం లేకపోయిందా?”

“నీ మీద కాదే. నన్ను చూసేటప్పుడు నీ ముఖం మారుద్దేమోనని.”

మర్నాడే ఆసుపత్రికి వెళ్లారు. స్కానింగు తీశారు, రక్తం ఎన్నోసార్లు గుచ్చి తీశారు, క్షయ కాదన్నారు, విటమిను లోపమూ కాదన్నారు. చివరికి డాక్టరమ్మ చెప్పింది. “మందులు ఆగిపోయాక ఈ వైరస్ వల్ల మీ వెన్నుపాము దెబ్బతిన్నదమ్మా. కాళ్ల కబురు మెదడుకు సరిగ్గా అందటం లేదు. పోయినదంతా తిరిగొస్తుందని చెప్పలేను. మాత్రలు మానకపోతే ఇక్కడితో ఆగొచ్చు.”

“ఆగొచ్చా, ఆగుద్దా?” అంది వజ్రమ్మ.

డాక్టరమ్మ ఆమె చెయ్యి నొక్కింది.

మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. ఆ తర్వాత నెలలన్నీ ఆమెకు రోజూ పొద్దున లేవగానే ఒకటే దిగులు, ఈరోజు కాలు కదులుతుందా అని. సువార్త నా మడమ వెనక ఎలాస్టిక్ పట్టీ కుట్టింది. నేను ఊడటం మానేశాను. ఆమె మాత్రం చేతికర్ర లేకుండా నడవలేదు. అయితే కాలు అంతకంటే బిగుసుకోలేదు.

ఇప్పుడు నా అట్ట అరిగి పల్చనైంది. రేపోమాపో చెత్తబండిలోకి పోతాను. పోయేలోపు చెప్పాల్సింది ఒకటుంది.

ఆర్నెల్ల తర్వాత వజ్రమ్మ మళ్లీ బడికి వెళ్లింది. మంగతాయారు అడిగింది. “అసలు ఏం జబ్బక్కా నీకు?”

 వజ్రమ్మ జబ్బు పేరు పెట్టి చెప్పింది. వంట వల్ల గాని, ముట్టుకుంటే గాని అంటుకోదని కూడా చెప్పింది.

మంగతాయారు ఒక అడుగు వెనక్కి వేసింది.  వంకాయల పళ్లెం నేలమీద వజ్రమ్మ వైపు జరిపింది.

“కూర్చుని తరుగు. గుండిగలు నేనెత్తుతా.”

ఆ పూటంతా మంగతాయారు ఆమె దగ్గరికి రాలేదు. పని అయ్యాక వజ్రమ్మ లేవబోయింది. కర్ర జారింది. మంగతాయారు అక్కడే నిలబడి చూసింది. తర్వాత గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యి వజ్రమ్మ నిలదొక్కుకునేదాకా వదల్లేదు.