ఇద్దరు పెద్దలు, ఒక చిన్నారి

మా ఆయన దర్జీ. ఇరవై రెండేళ్లుగా మెడలో ఒకే టేపు వేసుకుని తిరుగుతున్న మనిషి. కొలతలు ఇచ్చేటప్పుడు లోకంలో ప్రతివాడూ పొట్ట లోపలికి పీల్చుకుంటాడు. అప్పుడు మా ఆయన ఏమీ అనరు. నడుం చుట్టూ టేపు పట్టుకుని, ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడతారు. ఎంతటివాడైనా ఎంతసేపని ఊపిరి బిగబడతాడు? మొహం ఎర్రబడ్డాక మెల్లిగా, "గాలి వదలండి. నిటారుగా నిలబడండి. నాకు చెప్పిన అబద్ధం రేపు చొక్కాకి చెప్పలేరు" అంటారు. కొట్లో ఓ మూల కూర్చుని కాజాలు కుట్టేదాన్ని, గుండీలు వేసేదాన్ని నేను. ఈ మాట రోజుకి పదిసార్లు వింటాను.

అంత నిక్కచ్చి మనిషికి సూపర్ మార్కెట్ వాళ్లు పాయింట్ల కార్డు ఇచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఏం కొన్నా కార్డులో పాయింట్లు పడతాయి. మూడు వేల పాయింట్లు చేరితే ఊరి చివర వినోదాల పార్కుకి కుటుంబ టికెట్ ఉచితం. ఇద్దరు పెద్దలు, ఒక చిన్నారి. చిన్నారి అంటే నూట ఇరవై సెంటీమీటర్ల లోపు ఉండాలని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. మేం సరిగ్గా ముగ్గురం. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి, "మనల్ని చూసే రాసినట్టున్నారు" అన్నారు.

మా అమ్మాయి అప్పుడు మూడో తరగతి. క్లాసులో అందరికంటే పొట్టి. బళ్లో బుడంకాయ అని పేరు పెట్టారు. ఇంట్లో మేం కూడా అలాగే పిలిచాం, మా బుద్ధి గడ్డి తిని. కార్డు రావడానికి వారం ముందు బడివాళ్లు పిల్లల్ని అదే పార్కుకి తీసుకెళ్లారు. అక్కడ డేగ అని ఒకటుంది. కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే పైకంటా తీసుకెళ్లి కిందికి వదిలేస్తుంది. నూట ఇరవై సెంటీమీటర్లు ఉన్నవాళ్లనే ఎక్కనిస్తారు. క్లాసంతా ఎక్కింది. మా అమ్మాయి కింద బల్ల మీద కూర్చుని అందరి సంచులకీ కాపలా కాసింది.

ఇంటికొచ్చి ఏడవలేదు. "మొత్తం పదకొండు సంచులమ్మా" అని చెప్పి పడుకుంది. ఏడ్చినా బాగుండేదనిపించింది నాకు.

అలా మా ఇంట్లో పందెం మొదలైంది. పిల్ల నూట ఇరవై దాటకముందే మూడు వేల పాయింట్లు చేర్చాలని తండ్రి. ఆ మూడు వేలు చేరేలోపే నూట ఇరవై దాటాలని కూతురు. నెల మొదటి తారీఖున వంటింటి గుమ్మం దగ్గర కొలత. దాన్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద స్కేలు పెట్టి, పెన్సిల్‌తో గీత గీసి, టేపుతో కొలిచి, గీత పక్కన అంకె వేసేవారు. అంకె పెరిగితే కూతురు మొహం వెలిగేది, తండ్రి మొహం మాడేది. పెరగకపోతే అటుదిటు. నేను ఎవరి పక్షమూ కాదు. నాకు కాజాలున్నాయి.

పిల్ల తలుపు చట్రం పట్టుకుని పొద్దునా సాయంత్రం వేలాడేది. రోజూ రెండు గుడ్లు తినేది, ఇష్టంగా కాదు, మందు మింగినట్టు. గుడ్లు అయిపోతే తండ్రినే తెమ్మనేది. ఆయన సంతోషంగా తెచ్చేవారు, గుడ్లకి పాయింట్లెక్కువ. నాలుగో నెల కొలత చూసుకున్నాక గానీ ఆయనకి అసలు సంగతి తలకెక్కలేదు.

"తినేవి కొంటే పాయింట్లు పెరుగుతున్నాయి. తినేసి ఇది కూడా పెరుగుతోంది" అన్నారు, దిగులుగా.

"పెరగదా మరి? పిల్లని కన్నామా, పీట చేయించుకున్నామా?" అన్నాను.

ఆయన ఆలోచించి ఆలోచించి ఉపాయం కనిపెట్టారు. తినడానికి పనికిరానివి కొనడం. బుధవారం రెట్టింపు పాయింట్ల రోజు. బుధవారానికో చీపురు వచ్చేది. తర్వాత నేల తుడిచే మందు సీసాలు, గిన్నెలు తోమే పీచులు, సబ్బులు. ఒకసారి కారు అద్దాలు తుడుచుకునే గుడ్డలు తెచ్చారు. మాకు కారు లేదు. సైకిలుంది, దానికి అద్దాల్లేవు. మా ఆడపడుచు ఒకరోజు వచ్చి, మంచం కింద చూసి, "ఏం వదినా, చీపుళ్ల కొట్టు పెట్టారా?" అంది. మీ అన్నయ్యనే అడుగమ్మా అన్నాను. పోతూ పోతూ రెండు పట్టుకెళ్లింది.

గుడ్లు మాత్రం నేను మానలేదు. నా గుండీల డబ్బుతో పక్క వీధిలో కొనేదాన్ని. ఆ కొట్లో పాయింట్లు ఇవ్వరు. పక్షం లేదన్నాను గానీ, తల్లిని కదా.

ఏడాది తిరిగేసరికి కార్డులో మూడు వేల పద్నాలుగు పాయింట్లు. గుమ్మం దగ్గర నూట పంతొమ్మిది. తండ్రి గెలిచారు. పిల్ల ఆ అంకె వంక చాలాసేపు చూసి, "పోనీలే నాన్నా, బొమ్మ రైలు ఎక్కుతాను" అంది. నాకు మింగుడు పడలేదు. కానీ కుటుంబ టికెట్ చేతికొచ్చింది, ఆదివారం ప్రయాణం.

బయల్దేరుతుంటే ఆయన నా చేతిసంచి తీసి చూసి, బస్సు చార్జీలకి సరిపడా ఉంచి, మిగతా డబ్బు బీరువాలో పెట్టేశారు. "డబ్బు దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు. టికెట్ ఉచితం, తిండి డబ్బాల్లో ఉంది. ఇంకేం కావాలి?" అన్నారు. ఏమీ అక్కర్లేదన్నాను. నాకూ అలాగే అనిపించింది మరి.

పార్కు గేటు దగ్గర చెక్కతో చేసిన కోతి బొమ్మ ఒకటుంది. ఒక చెయ్యి పక్కకి చాపి నిలబడి ఉంటుంది. ఆ చేతి కిందనుంచి వెళ్లగలిగితే చిన్నారి. పక్కన స్టూలు మీద ఒక పెద్దాయన, ఆయన చేతిలో రెండు రంగుల కాగితం బ్యాండ్లు. చిన్నారులకి పసుపు, పెద్దలకి నీలం. మణికట్టుకి చుట్టి అతికించి లోపలికి పంపిస్తున్నాడు.

మా అమ్మాయి నడుచుకుంటూ వెళ్లింది. ఠక్కుమని నెత్తి కోతి చేతికి తగిలింది.

పుట్టి బుద్ధెరిగాక దాని తల దేనికైనా తగలడం అదే మొదలు. వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లింది. మళ్లీ ఠక్కుమంది. నెత్తి రుద్దుకుంటూ మా వైపు తిరిగి నవ్వింది. ఏడాదిగా ఆ పిల్ల అలా నవ్వగా నేను చూడలేదు.

"పెద్ద టికెట్ బాబూ" అన్నాడు స్టూలు పెద్దాయన.

"నూట పంతొమ్మిదేనండి. నేనే కొలిచాను" అన్నారు మా ఆయన.

"కోతి నూట ఇరవై."

"అయితే మీ కోతి తప్పు."

వెనక జనం ఉన్నారని కూడా చూడకుండా మెడలోంచి టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, నేల నుంచి కోతి చేతి దాకా కొలిచారు. నూట పద్దెనిమిదిన్నర వచ్చింది. లేచి అందరికీ వినబడేలా, "ఒకటిన్నర సెంటీమీటరు కిందికి పెట్టారు. ఎన్ని కుటుంబాల దగ్గర ఎక్కువ టికెట్లు కొట్టారో" అన్నారు. వెనక ఇద్దరు ముగ్గురు ఔనౌనన్నారు. ఇరవై రెండేళ్ల సర్వీసు అని కూడా చెప్పారు. నాకూ కాస్త గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. స్టూలు పెద్దాయన లోపలికి కేకేస్తే పార్కు వడ్రంగి వచ్చాడు. జేబులోంచి ఇనుప టేపు తీసి కోతి చెయ్యి కొలిచాడు. నూట ఇరవై, వెంట్రుక వాసి తేడా లేదు. తర్వాత ఇనుప టేపు నేలమీద పరిచి, మా ఆయన టేపు అడిగి తీసుకుని దాని పక్కనే పరిచాడు. రెండు మొదళ్లూ కలిపి పెట్టాడు. అంకెలు కొంతదూరం పక్కపక్కనే నడిచాయి. తర్వాత మెల్లిగా విడిపోయాయి. గుడ్డ టేపు సాగిపోయి ఉంది.

"ఎన్నేళ్లయింది కొని?" అడిగాడు వడ్రంగి, మర్యాదగానే.

"గురువుగారు ఇచ్చింది" అన్నారు మా ఆయన.

ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఒంటినీ ఆ టేపుతోనే కొలిచారు, బట్టనీ ఆ టేపుతోనే కోశారు. ఆ తప్పూ ఈ తప్పూ కొట్టేసుకుని చొక్కాలన్నీ సరిగ్గానే కుదిరాయి. కొలిచి కొయ్యకుండా వదిలేసింది ఈ లోకంలో ఒక్క మా అమ్మాయినే.

ఆయన టేపు చుట్టుకుంటున్నారు. చుట్టడం అయిపోయినా ఇంకా చుట్టుకుంటూనే ఉన్నారు. మనిషి ఒక్కసారిగా పాతబడ్డట్టు కనబడ్డారు. ఇంకో పెద్ద టికెట్‌కి వెయ్యి పాయింట్లు కావాలి, మా దగ్గర పద్నాలుగున్నాయి. డబ్బు బీరువాలో క్షేమంగా ఉంది.

స్టూలు పెద్దాయనకి జాలేసింది. వంగి, గొంతు తగ్గించి, "ఇంత దూరం వచ్చారు. పాపని కాస్త మోకాళ్లు వంచి దాటమనండి. నేనటు తిరుగుతాను. పసుపు బ్యాండు వేసేస్తే ముగ్గురూ వెళ్లొచ్చు" అన్నాడు.

"పసుపుకి డేగ ఎక్కనిస్తారా తాతా?" అడిగింది మా అమ్మాయి.

"లేదమ్మా. నీలానికే."

అది నన్ను చూసింది. నేను నోరు విప్పలేదు. ఏడాది చీపుళ్లు, సీసాలు నా కళ్ల ముందు తిరిగాయి, ముగ్గురం కలిసి లోపల కూర్చుని అన్నం తినడం తిరిగింది. ఆ క్షణంలో అది వంగాలనే నేను అనుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత అది వాళ్ల నాన్న చేతుల్లో ఉన్న టేపు ఉండ వంక చూసింది. "ఫర్వాలేదు నాన్నా, నువ్వు కూడా రావాలిగా" అని కోతి ముందుకెళ్లింది. స్టూలు పెద్దాయన అటు తిరిగాడు. అది మోకాళ్లు వంచింది, భుజాలు కుదించుకుంది, బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టింది. ఏడాదిపాటు తలుపు చట్రానికి వేలాడిన పిల్ల.

మా ఆయన ఎదుటి గోడకేసి చూడలేదు. దాన్నే చూశారు.

"గాలి వదులు" అన్నారు. కొట్లో గొంతే, హెచ్చూ లేదు తగ్గూ లేదు. "నిటారుగా నిలబడు."

అది నిలబడింది. ఠక్కుమంది.

మా ఆయన టికెట్ కాగితం స్టూలు పెద్దాయన చేతికిచ్చి, "ఇద్దరు పెద్దలు" అన్నారు. "వీళ్లిద్దరూ."

"మరి చిన్నారి?"

"చిన్నారి రాలేదండి."

ఆ మాటకి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగు అడ్డం పెట్టుకున్నాను. పెద్దాయన ఇద్దరికీ నీలం బ్యాండ్లు చుట్టాడు. మా అమ్మాయికి చుట్టేటప్పుడు అది చెయ్యి గట్టిగా చాపి నిలబడింది, ఇంజెక్షనుకి చాపినట్టు.

మా ఆయన గేటు బయట బల్ల మీద కూర్చున్నారు. అన్నం డబ్బాల సంచి, నీళ్ల సీసాల సంచి, నా చేతిసంచి ఆయనకే అప్పగించాం. అది నాలుగడుగులు వేసి వెనక్కొచ్చింది.

"నాన్నా, సంచులు కింద పెట్టకు. చీమలెక్కుతాయి. ఒళ్లో పెట్టుకుంటే మంచిది" అంది. "మొదట్లో బరువనిపిస్తుంది. తర్వాత తెలియదు."

ఆయన తలూపి, మూడూ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

డేగ ఎక్కాం. పిల్లని ఒంటరిగా పంపలేక నేనూ ఎక్కాను. కళ్లు మూసుకున్నాను కాబట్టి పైనుంచి ఏం కనబడుతుందో నన్నడక్కండి. దిగేదాకా ఇంట్లోవాళ్లందరినీ వరసగా తిట్టుకున్నాను. అది కిలకిలా నవ్వుతూ ఉంది. బాగా పైకెళ్లాక నా చెవిలో అరిచింది: "అమ్మా, నాన్న సంచులు ఒళ్లోనే పెట్టుకున్నాడు."

నాలుగుసార్లు ఎక్కింది. నేనూ నాలుగుసార్లు ఎక్కాను, వేరే దారిలేక. బయటికొచ్చి బల్ల మీదే ముగ్గురం అన్నం తిన్నాం. "ఎలా ఉంది?" అన్నారాయన. "పైనుంచి కోతి చాలా పొట్టిగా ఉంది నాన్నా" అంది.

మర్నాడు మా ఆయన కొత్త టేపు కొన్నారు. దానికి రెండు పాయింట్లు పడ్డాయి. ఇంటికి తెచ్చి వంటింటి గుమ్మం ముందు కూర్చుని, ఏడాది గీతలన్నీ కింది నుంచి పైదాకా మళ్లీ కొలిచారు. గీతలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. వాటినేమీ ముట్టుకోలేదు. పక్కన అంకెలు మాత్రం ఒక్కొక్కటే చెరిపి కొత్తవి రాశారు. రాస్తూ, "రెండు నెలల కిందటే దాటేసింది చూడు" అన్నారు నాతో. చూశాను. నా గుడ్ల సంగతి అప్పుడు చెప్పాను.

పాత టేపు పారేస్తారనుకున్నాను. పారేయలేదు. కొలతల పుస్తకంలో ఇరవై రెండేళ్ల కొలతలన్నీ దానివే, ఇప్పుడు మారిస్తే ఊళ్లో ఎవరి చొక్కా ఎవరికీ పట్టదట. అదీ నిజమే. అందుకని కొట్లో వచ్చేపోయే వాళ్లందరికీ ఇప్పటికీ ఆ పాత టేపే. కొత్తది వంటింట్లో మేకుకి తగిలించి ఉంది. దాంతో మా అమ్మాయిని తప్ప ఇంకెవరినీ కొలవరు.