దూలంలో తుమ్మెదలు

నిన్న సాయంత్రం దూలానికి కొట్టిన వేపకర్ర బిరడాలు తెల్లారేసరికి ఒక్కటి కూడా లేవు.

సుబ్బరత్నం గొడ్ల చావిడి తలుపు తోసి, పాలబిందె గట్టు మీద పెట్టి, తలెత్తి చూసి అలాగే నిలబడిపోయింది. మామిడి దూలం పొడవునా బెజ్జాలు మళ్ళీ నోళ్ళు తెరుచుకున్నాయి. ఒక్కోటి వేలు పట్టేంత. బరమాతో తొలిచినంత నున్నగా ఉన్నాయి. లోపల్నుంచి సన్నటి రొద వస్తోంది. కింద గేదె వీపు మీద పసుప్పచ్చని పొట్టు రాలి ఉంది.

"రాత్రి ఎవరే వచ్చింది?" అంది గేదెతో.

నుదుట తెల్లమచ్చ ఉన్న చుక్క నెమరేస్తూ ఆమె వైపు చూసి, దానా తొట్టి వైపు చూసింది.

తుమ్మెద కర్రను తొలుస్తుంది. గట్టిగా కొట్టిన బిరడాని బయటికి లాగలేదు. సుబ్బరత్నం గడ్డి అంతా కాలితో కెలికింది. ఒక్క బిరడా దొరకలేదు. అంటే తీసినవాడు ఏరుకుని మరీ పట్టుకెళ్ళాడు. నిచ్చెన ఉన్నచోటే ఉంది, దాన్ని గుంజకి కట్టిన తాడు మాత్రం తేడాగా ఉంది. ఆమె ఎప్పుడూ వేసేది పలుపు ముడి. ఒక్క లాగుకి ఊడిపోతుంది. ఇప్పుడున్నది అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు వేసి నడుమ బిగించిన ముడి. విప్పేసరికి ఆమె గోరు చీలింది.

"ఆదివారం లోపు తుమ్మెదలు పోవాలి రత్నమ్మా. లేకపోతే చావిడి పీకించేస్తాను. ఆ దూలం విరిగి గేదె మీద పడితే పాపం ఎవరికి?" అన్నారు మొన్న అచ్యుతరామారావు మాస్టారు. చావిడీ గేదే ఆయనవే. దూలం చూడ్డానికి మేస్త్రిని కూడా పిలిచానన్నారు. ఆదివారం అంటే ఇవాళే. చావిడి పోతే చుక్కకి చోటు లేదు. చుక్క పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో సుబ్బరత్నానికి తెలియదు.

మైలవరం అవతలి మెట్ట ఊరి నుంచి పామర్రు దగ్గరి ఈ మాగాణి ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఈ చావిడి నిండా పశువులే. మొగుడు మాస్టారి తండ్రి దగ్గర అరక దున్నేవాడు. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు పోయాయి, ఆ తర్వాత మొగుడు పోయాడు. పేడ తియ్యడానికని చావిట్లోకొచ్చిన సుబ్బరత్నం మాత్రం ఉండిపోయింది. చుక్క అమ్మమ్మకీ ఆమే చాకిరీ చేసింది. చుక్క తల్లి అడ్డం తిరిగిన దూడతో విలవిల్లాడుతుంటే మోచేతి దాకా చెయ్యి పెట్టి చుక్కని బయటికి లాగింది ఆమే. పొట్టి మనిషి. పాదాల పగుళ్ళలో పేడ ఎంత కడిగినా పోదు. పాలు పితికీ పితికీ బొటనవేళ్ళు రెండూ బయటికి వంగిపోయాయి.

పాలు పితకడం అయ్యేసరికి పాలకేంద్రం కిరీటి బండి ఆగింది.

"ఏంటత్తా, నిచ్చెనెక్కుతున్నావ్? ఈ వయసులో సర్కస్సా?"

"నువ్వు కింద నిలబడు, నీమీదే పడతా. తెచ్చావా?"

మెకానిక్ దగ్గర్నుంచి తెచ్చిన కాలిన ఇంజనాయిలు డబ్బా దించాడు కిరీటి. "ఇదంతా ఎందుకత్తా? స్ప్రే కొట్టు, ఒక్క దెబ్బకి చస్తాయి."

"కింద పాలిచ్చే గొడ్డుందిరా. ఆ మందు పాలల్లో పడితే తాగేది నీ పిల్లలు." ఆగి, అతని మొహంలోకి చూసింది. "రాత్రి నువ్వుగానీ బిరడాలు పీకావా?"

"నేనా? తుమ్మెద కనిపిస్తే బండి వదిలేసి పరిగెత్తేవాణ్ణి!"

నిజమే. పైగా అతని క్యాన్లన్నీ రబ్బరు ట్యూబుతో కట్టి ఉన్నాయి. వాడికి ముడి వెయ్యడమే రాదు.

ఎండ ఎక్కితే తుమ్మెదలు తిరుగుళ్ళకి పోతాయి. బెజ్జాలు మూసి ఏం లాభం, సాయంత్రానికి వచ్చి పక్కనే ఇంకోటి తొలుస్తాయి. అందుకే ముందు వాటికి ఇల్లు చూపించాలి. ఎండిన మునగ దుంగనొకదాన్ని చేను వైపు కంచెకి కట్టింది. చుక్కని బయట కట్టేసింది. దూలం కింద మట్టిమూకుట్లో తడిగడ్డి, పచ్చి వేపాకు రాజేసింది. పొగ సుళ్ళు తిరుగుతూ పైకి లేచింది. కాసేపటికి నల్లగా నిగనిగలాడుతూ ఒక తుమ్మెద, దాని వెనక ఇంకోటి బయటపడ్డాయి. రెక్కల్లో నీలం మెరిసింది. చెవి పక్కనుంచి బుయ్యిమని పోతున్నా ఆమె తల తిప్పలేదు. దగ్గుతూ, కళ్ళు కొంగుతో తుడుచుకుంటూ ప్రతి బెజ్జం మీదా చెవి పెట్టి, లోపల ఏమీ లేదనుకున్నాక కొత్త బిరడా దిగ్గొట్టింది.

"రత్నమ్మా, కాఫీ!" అని కేకేశారు మాస్టారి భార్య కనకవల్లి గారు.

అరుగు మీద కాఫీతో పాటు ఇడ్లీ కూడా ఉంది.

"ఇవాళ పండగేంటి అమ్మగారూ?"

"తినవే, పొద్దుట్నుంచీ పొగలో ఉన్నావు." ఆవిడ మాట్లాడుతున్నది ఇడ్లీతోనే, సుబ్బరత్నం మొహం చూడటంలేదు.

గోడవార పాత పేపర్లు, పుస్తకాలు కట్టలు కట్టి పేర్చి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా కదలని పుస్తకాలు. ప్రతి కట్టకీ అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు, నడుమ బిగించిన ముడి. కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మాస్టారు పరీక్ష పేపర్లకి వేసిన ముడి అది. వేసవిలో ఈ అరుగు నిండా అవే కట్టలు ఉండేవి.

సుబ్బరత్నం ఇడ్లీ పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని చావిట్లోకి వెళ్ళిపోయింది.

నిన్న ఆమె చేసిన తప్పేమిటో ఇప్పుడు తెలిసింది. బిరడాల తలలు బయటికి వదిలింది, పట్టకారుకి అందేలా. ఈసారి నిచ్చెన మీద నిలబడి చిన్న రంపంతో ప్రతి తలనీ దూలంతో సమానంగా కోసేసింది. చెమట కళ్ళలోకి దిగింది. భుజం లాగేసింది. దిగి, చెయ్యి విదిలించుకుని మళ్ళీ ఎక్కింది. ఆ మీద గుడ్డతో కాలిన ఆయిలు పట్టించింది. అరచేతితో నిమిరితే ఎక్కడా గరుకు లేదు. ఇక దీన్ని దేవుడు కూడా పీకలేడు.

పొద్దు వాలుతుండగా తుమ్మెదలు తిరిగొచ్చాయి. నిచ్చెన కింద కూచుని ఊపిరి బిగపట్టి చూసింది. ఒకటి దూలం వెంట అటూ ఇటూ ఎగిరింది, కర్రకి తల కొట్టుకుంది, ఆయిలు వాసనకి వెనక్కి తగ్గింది. కంచె వైపు పోయి మునగ దుంగ మీద వాలింది. వెనకే మిగతావీ. సుబ్బరత్నం నవ్వింది. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు.

అప్పుడే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. దిగినతని చేతిలో తాపీ లేదు, మట్టపలక లేదు. భుజం మీద కొత్త పలుపు ఉంది.

దూలం చూడ్డానికొచ్చేవాడు పలుపు తెచ్చుకోడు.

మాస్టారు ఇంట్లోంచి వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఆ మనిషి చుక్క మెడకి పలుపు మార్చబోతే అది కొమ్ము విసిరింది. అతను కర్ర తీశాడు.

"కర్ర కింద పెట్టు," అంది సుబ్బరత్నం. "ఏ ఊరు నీది?"

"మైలవరం పక్కనమ్మా."

"మా పుట్టిల్లు అటే. విను. ఎడం పక్కన కూచుని పితకాలి. కుడిపక్క కూచుంటే తంతుంది. దానాలో చిట్టు నానకపోతే మూతి పెట్టదు. కసిరితే పాలు చేపదు, పేరు పెట్టి పిలువు."

"పేరేంటి?"

"చుక్క."

గొడ్డునమ్మినా పలుపు ఇవ్వకూడదు, ఇస్తే ఇంట్లో పాడి పోతుంది. సుబ్బరత్నం పాత పలుపు తనే విప్పింది, కొత్తది తనే కట్టింది. గంగడోలు నిమురుతూ ముందు నడిస్తే చుక్క వెనకే నడిచి, పలక మీదుగా బండెక్కింది. ఆటో మలుపు తిరిగే దాకా దాని చెవులు ఇటే ఉన్నాయి.

ఆమె చావిట్లోకొచ్చి పలుపుని కొయ్యకి తగిలించింది. వెనకాలే మాస్టారు వచ్చి నిలబడ్డారు.

"తుమ్మెదలు పోయాయి మాస్టారూ. దూలం గట్టిగానే ఉంది. ఇప్పుడు చెప్పండి."

ఆయన లాల్చీ జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు వేప బిరడాలు బయటికి తీశారు.

"నేనే పీకాను రత్నమ్మా. మేం గుణదలలో ఫ్లాటుకి వెళ్ళిపోతున్నాం. గేదెని అమ్ముతానని నెల కిందటే మాటిచ్చేశాను. నీకు చెప్పాలని రోజూ చావిడి దాకా వచ్చేవాణ్ణి. నువ్వు దానికి నీళ్ళు పడుతుంటే చూసి వెనక్కి పోయేవాణ్ణి. ఈ తుమ్మెదలొచ్చాక, పోనీ నెపం వీటి మీదికి పోతుందిలే అనుకున్నాను. దూలం పడిపోతుందంటే నువ్వే అమ్మెయ్యమంటావనుకున్నాను. నువ్వు నిచ్చెనెక్కావు. నాకిచ్చెయ్యండి మాస్టారూ అని ఎక్కడ అడుగుతావోనని భయం. అడిగితే కాదనే నోరు నాకు లేదు. అందుకే నిన్ను అడగనివ్వలేదు... ఆ పలుపు చూడు. విప్పి తగిలించినా ఇంకా దాని మెడంత గుండ్రంగానే ఉంది."